సీసాల సాక్ష్యము

కడచిన మార్గశిరమున ఒక బుధవారమునాటి మధ్యాహ్నము మా మరిది గోనెసంచి నొకదానిని భుజమున వేసికొని మాయింటికి వచ్చెను. సంచినుండి ఉప్పునీరు కారుచుండెను. పెరటి వసారాలో దానిని మెల్లగా దించి, తడిగుడ్డలలో చుట్టిన నాలుగు సీసాలను వెలికిదీసి, డబ్బాలో తెచ్చుకొన్న సముద్రపు నీటిని మా తొట్టిలో పోసి, అందు వానిని ముంచి యుంచెను. "వదినా, వీనిని నీటినుండి తీయకుడు. ఆదివారము మరల వత్తును" అని చెప్పెను. ఆ మాటను మేము పాటించి యుండినచో నేడీ వ్యాసము వ్రాయవలసిన యవసరమే కలుగకపోవును.

ముందుగా మా సంగతి రెండు మాటలలో చెప్పెదము. మావారు భీమునిపట్టణమునకు సమీపముననున్న యొక పల్లెలో ఉన్నత పాఠశాలయందు సాంఘికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు. మేము బడిగడప త్రొక్కినవారము కాము. మా తండ్రిగారు ఇంటనే అమరకోశముతో నారంభించి రఘువంశము, భారతము, తుదకు తర్కసంగ్రహము వరకును మాచేత చదివించిరి. ఇందువలన మాకు కలిగిన జ్ఞానమెంతయో చెప్పజాలము గాని, ఇరుగుపొరుగువారికి మాయందు గొప్ప నమ్మకము మాత్రము కలిగినది. శుభలేఖ వ్రాయవలసినను, పసివానికి పేరు వెదకవలసినను, పాతయింటి దూలముపై చెక్కిన యక్షరములు చదువవలసినను మాకడకే వత్తురు. మేమును "తెలియదు" అను మాటను నోట రానీయక, ఏదో యొకటి చెప్పి పంపుచుంటిమి. ఆ యలవాటే ఈ కథకు మూలము.

మా మరిది విశాఖపట్టణమున స్కూబా డైవింగు నేర్పువారివద్ద పనిచేయుచున్నాడు. ఈ విద్య నెరుగని సోదరీమణులకొరకు కొంచెము వివరింతుము. గాలిని మిక్కిలి యొత్తిడితో కూరిన సిలిండరును వీపున కట్టుకొని, దాని గొట్టపు కొనను పండ్ల నడుమ కరచిపట్టి, కన్నులకు అద్దపు తొడుగును, పాదములకు చేపరెక్కలవంటి తొడుగులును ధరించి సముద్రములో దిగుదురు. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అను నిరువురు, ఊపిరి పీల్చినపుడు మాత్రమే, చుట్టునున్న నీటి యొత్తిడికి సరిపోవునట్లు గాలి నిచ్చు కవాటమును సిద్ధపరచిరి. అప్పటినుండి ఈ విద్య లోకమున వ్యాపించినది. ప్రతి పది మీటర్ల లోతునకును, నేలపై మనము మోయుచున్న గాలి బరువంత బరువు అదనముగా మీద పడును. పైకి వచ్చునపుడు తొందరపడినచో రక్తమున కరగియున్న వాయువు బుడగలై ప్రాణమునకే ముప్పు తెచ్చును. "దిగుట కష్టము కాదు వదినా, తొందరపడక పైకి వచ్చుటయే కష్టము" అని అతడనుచుండును. అతడు నీటిలో దిగు దినములందు, క్షేమముగా ఒడ్డు చేరితినని ఫోను వచ్చువరకు మా యత్తగారు భోజనము ముట్టరు. ఇతరులకు నేర్పుటకు వలయు యోగ్యతాపత్రము కొరకు అతడు 2,00,000 రూపాయలు వడ్డీకి తెచ్చియున్నాడు. ఇది మా కుటుంబమున అందరును తలచునదియు, ఎవరును పైకి అననిదియు నైన సంగతి.

సముద్రములో సీసా లెందుకుండునని కొందరడుగవచ్చును. భీమునిపట్టణము వట్టి యూరు కాదు. 17వ శతాబ్దమున డచ్చివారు అచట వర్తకస్థానము నేర్పరచుకొనిరి. వారి సమాధులు నేటికిని ఊరిలో నున్నవి. 1824లో ఆంగ్లేయులకును డచ్చివారికిని జరిగిన యొడంబడిక ననుసరించి 1825లో ఆ స్థలము ఆంగ్లేయుల వశమైనది. ఆ దినములలో ఓడలు ఒడ్డునకు వచ్చి నిలుచుటకు ఈ తీరమున అనువు లేకుండెను. అవి దూరముననే లంగరు దింపగా, పలకలను త్రాటితో కుట్టి కట్టిన మసూలా పడవలు కెరటములను దాటి సరకులను చేరవేయుచుండెను. విశాఖపట్టణమున నౌకాశ్రయము తెరువబడినది 1933లోనే గదా. కావున ఓడలు నిలిచిన తావులందు నావికులు త్రాగి పారవైచిన సీసాలు ఇసుకలో పూడియుండుట వింత కాదు. తుపాను వచ్చి ఇసుక కదలినపుడు ఒకటి రెండు బయటపడుచుండునని మరిది చెప్పెను.

అతడు తెచ్చినవానిలో మొదటిది పొడుగైన గుండ్రని నల్లసీసా. రెండవది గుల్లలును సున్నపు పెచ్చులును పట్టి రూపు తెలియకున్న నలుచదరపు సీసా. అది భుజములకడ వెడలుపుగాను అడుగున సన్నముగాను ఉండెను. భుజముపై రూపాయి బిళ్లంత గాజు ముద్ర యొకటి యుండి, అందు రెండక్షరముల నీడవంటిది తోచుచుండెను. మూడవది మనమందరము బాల్యమున ఎరిగిన గోలీసోడా సీసా. నాలుగవది రంగులేని బల్లపరుపు బుడ్డి.

నల్లసీసాను నగరమందలి పాతవస్తువుల వర్తకు డొకడు ఫోటోలో చూచి, "ఇది డచ్చివారి నాటిదని చదువుకొన్నవారెవరైన వ్రాసియిచ్చినచో 40,000 రూపాయలకు కొనువారున్నారు" అనెనట. "అన్నయ్య చరిత్ర చెప్పు మాస్టారు. మీరు శాస్త్రము చదివినవారు. మీరు వ్రాసి, అన్నయ్య సంతకము చేసిన చాలును వదినా" అని మరిది మెల్లగా ననెను. మేము సీసా నెత్తి వెలుతురునకు పట్టి చూచితిమి. అది నలుపు గాదు, ముదురాకుపచ్చ. ఎంత త్రిప్పి చూచినను అచ్చు రెండు చెక్కలు కలిసిన అతుకుగీత ఎచటను కానరాదు. అచ్చు లేక నోటితో ఊదిన సీసాలకు అతుకుండదని ఎప్పుడో చదివియుంటిమి. అంతియే. "సందేహమేమి? డచ్చివారిదే. ఆదివారమునకు వ్రాసి యుంచెదము" అంటిమి. అతని ముఖము చాలకాలమునకు వికసించినది. ఆ సంతోషమును చూచి మేమును ఉప్పొంగితిమి.

మరునాడు మార్గశిర లక్ష్మివారము. మాయింట వ్రతము, పేరంటము. వచ్చువారి కన్నుల యెదుట ఆ గుల్లల సీసా, ఆ నీచువాసన ఏమి బాగుండునని తోచినది. విలువగల నల్లసీసాను తాక భయపడి, వికారముగానున్న చదరపు సీసాను మాత్రము నీటినుండి తీసి, ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతో రుద్దితిమి. సున్నపు పెచ్చులు బుసబుస పొంగి ఊడివచ్చినవి. మిగిలినదానిని కొబ్బరిపీచుతో తోమి, తులసికోట గట్టుపై ఎండలో బోర్లించితిమి. ఎండ తగులగనే దానిపై నెమలిమెడ రంగులు మెరసినవి. పేరంటాండ్రందరును ఆశ్చర్యపడిరి. "మీచేతిలో నేమి మహిమ యున్నదండీ" అని ఒకరనగా మేము కాదనలేదు.

శుక్రవారము రాత్రి పిల్లలు నిద్రించిన పిదప కాగితము ముందుంచుకొని కూర్చుంటిమి. మావారు, "సంతకము చేయవలసినది నేను గనుక, మొదట కొంత చదివి చూతము" అనిరి. సీసాల కాలమును నిర్ణయించు పురావస్తు పండితులు వ్రాసిన విషయములను వారు ఫోనులో వెదకి చదివి చెప్పుచుండగా, మేము ఒక్కొక్క సీసాను దీపమునకు పట్టి త్రిప్పుచుంటిమి.

ముందు తెల్లని బుడ్డి. దాని అతుకుగీత అడుగునుండి బయలుదేరి, మెడ దాటి, మూతి అంచుమీదుగా పోయినది. పూర్వము ఒడలు అచ్చులో నూదినను, మూతిని మాత్రము పనివాడు చేతితో తీర్చెడివాడు. కావున గీత మూతికి దిగువనే ఆగిపోవును. 1903 ప్రాంతమున అమెరికాలో ఓవెన్సు అనునతడు సీసాను మూతితో సహా తయారుచేయు యంత్రమును నెలకొల్పిన పిమ్మటనే గీత అంచువరకు ప్రాకినది. కనుక ఆ బుడ్డి యంత్రయుగమునాటిది.

పిదప గోలీసోడా సీసా. దీనిని కల్పించినవాడు హైరం కాడ్ అను ఆంగ్లేయుడు. 1872 నాటి సంగతి. మెడలో గాజుగోలీ, మూతిలోపల రబ్బరు ఉంగరము. సోడాలోని వాయువే గోలీని పైకి నెట్టి ఉంగరమున కొత్తిపట్టును. బిరడాతో పనిలేదు. వంచి పోయునపుడు గోలీ దొరలి అడ్డుపడకుండ మెడకడ రెండు నొక్కులుండును. గోలీకొరకు పిల్లలు సీసా పగులగొట్టుట మనదేశమున మాత్రమే కాదట, ఆంగ్లదేశపు పిల్లలును అదే పని చేసెడివారట. ఈ సీసా 1872కు ముందుది కాజాలదు. కాని ఎంత యీవలిదియైనను కావచ్చును. మన వీథులలో ఈ సోడా నేటికిని అమ్ముచునే యున్నారు గదా. ఒక హద్దు తెలిసినంతమాత్రమున రెండవ హద్దు తెలిసినట్లు కాదని అప్పుడే మాకు మొదటిసారి తోచినది.

తుదకు నల్లసీసా. మావారు చదువుచు చదువుచు ఒకచోట ఆగి, "ఇది వినుము" అనిరి. అచ్చులో నూదిన సీసాలలోనే యొక విధమున్నది. అచ్చు లోపలివైపున తడిపిన పూత పూసి, గాజును ఊదునపుడే సీసాను గిరగిర త్రిప్పుదురు. ఆ త్రిప్పుటలో అతుకుగీతలు చెరిగిపోవును. దానికి బదులు ఒంటిచుట్టును మిక్కిలి సన్నని అడ్డుగీతలు మిగులును. 19వ శతాబ్దపు చివరి భాగమునందును 20వ శతాబ్దపు మొదటి సంవత్సరములందును మద్యపు సీసాలకు ఈ పద్ధతి విరివిగా వాడబడినది. మేము దీపమును ప్రక్కకు జరిపి, సీసాను ఏటవాలుగా పట్టితిమి. కుమ్మరి సారెపై కుండకు పడిన వ్రేలిగీతలవలె, వెండ్రుకకన్న సన్నని గీతలు ఒడలంతయు చుట్టియుండెను.

తర్కము చదువుకొన్న మొదటి దినములలోనే మా తండ్రిగారు ఎర్రగా కాల్చిన యినుపగుండు దృష్టాంతమును మాచేత పదిసార్లు చెప్పించిరి. పొగయున్నచోట నిప్పుండును, నిజమే. అంతమాత్రమున నిప్పున్నచోటనెల్ల పొగ యుండదు. కాలిన యినుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. అట్లే అచ్చు లేక ఊదిన ప్రాతసీసాకు అతుకుండదు. కాని అతుకులేని ప్రతి సీసాయు ప్రాతది కాదు. బాల్యమున వల్లించిన పాఠము ముప్పదియైదేండ్ల వయసున, అదియు 40,000 రూపాయల బేరము నడుమ, మరల నేర్చుకొనవలసి వచ్చెను. డచ్చివారు భీమునిపట్టణమును విడిచిన తరువాత ఏబది యేండ్లకు గాని ఈ సీసా పుట్టియుండదు.

"అయినచో నిజముగా ప్రాతసీసాకు గుర్తేమి?" అని యడిగితిమి. వారు చదివి చెప్పిరి. సీసాను ఊదిన గొట్టమునుండి విడదీసి మూతి తీర్చునపుడు, వేరొక యినుపకడ్డీ కొనను కరగిన గాజుతో దాని యడుగున అంటించి పట్టుకొందురు. పని ముగిసిన పిదప తట్టి విరుతురు. విరిచినచోట కరకైన మచ్చ మిగులును. తల్లినుండి వేరుపడినందుకు గుర్తుగా బిడ్డకు బొడ్డున్నట్లే ఇదియు. 1850, 1860 ప్రాంతములలో సీసాను బయటనుండి ఒడిసిపట్టు పట్టుకారు వాడుకలోనికి వచ్చిన తరువాత ఈ మచ్చ క్రమముగా మాయమైనది.

నల్లసీసా యడుగు నున్నగా నుండెను. ఆ మచ్చ యెట్లుండునో చూడవలెనను కుతూహలముతో, తెల్లవారిన పిదప తులసికోటకడకు పోయి చదరపు సీసాను చేతికి తీసికొని అడుగు తడిమితిమి. వ్రేలికి కరకుగా తగిలినది. గుండ్రని మచ్చ! నాలుగింటిలో ప్రాతది, అందరము కాదనుకొన్నది, ఇదియే. పెట్టెలలో చక్కగా అమరుటకై నలుచదరముగా చేసిన ఇట్టి సీసాలలో హాలెండునుండి సారాయి దేశదేశములకు పోయెడిదని మావారు రాత్రి చదివిన సంగతి జ్ఞప్తికి వచ్చినది. గుండె దడదడ కొట్టుకొనినది. వెంటనే భుజముపై ముద్రకొరకు సీసాను త్రిప్పితిమి.

అరచేతికి చేపపొలుసులవంటి తళతళలాడు రేకులంటుకొనెను. గట్టుమీదను అవియే రాలియుండెను. నెమలిమెడ రంగు లన్నియు ఆ రేకులతోనే పోయినవి. ముద్రయున్నచోట గరుకైన గుంట తప్ప మరేమియు లేదు. ఆ రెండక్షరములును ఎండలో ఊడి గాలికి పోయినవి. మేము కాని, మావారు కాని, వానిని ఫోటో తీసియుండలేదు. మరిది పంపినది నల్లసీసా ఫోటో మాత్రమే.

కారణము పిదప తెలిసినది. ఏండ్ల తరబడి నీట నున్న గాజునుండి క్షారము మెల్లమెల్లగా కరగి పోవును. పైపొర ఉల్లిపొరలవలె సన్నని రేకులుగా మారి, నీటిని పట్టుకొని నిలిచియుండును. ఆ నీరు తటాలున ఆరిపోయినచో రేకులు ముడుచుకొని ఊడిపోవును. మేము చూచి మురిసిన రంగులు ఆ పొరలపై వెలుతురు పడుటవలన కలిగినవే. మేము కాంతి యనుకొన్నది దాని రోగము.

అక్షరముల విలువ యెట్టిదో ఒక యుదాహరణము చెప్పెదము. గోవా తీరమున సెయింట్ జార్జి రీఫ్ అను రాతితిప్పకడ మునిగిన ఓడలో బాసెల్ మిషన్ పెంకుల కర్మాగారము పేరును, 1865 అను సంవత్సరమును గల యింటిపెంకులు దొరికినవి. ఆ పెంకుపై నాలుగంకె లుండుటచేతనే, ఆ ఓడ 1865కు పూర్వము మునిగియుండదని నేడు నిశ్చయముగా చెప్పగలుగుచున్నాము. మా సీసాపై నుండిన రెండక్షరములు ఏ వర్తకునివో, ఏ యూరివో, ఏమి చెప్పియుండెడివో! వానిని చింతపండుతో కడిగినది మా చేయి.

ఆదివారము మరిది వచ్చెను. కాఫీ యిచ్చి, మావారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మొదట చదరపు సీసా సంగతి చెప్పితిమి. అతడు రేకులు రాలిన సీసాను చేతిలోనికి తీసికొని చాలసేపు మాటాడలేదు. "పోనిండు వదినా, దానికి బేరము లేదు గదా" అని తుదకు మమ్మే యూరడించెను. ఆ యూరడింపు మమ్మింకను బాధించినది. ఎందుకనగా చెప్పవలసిన రెండవమాట యింకను మిగిలియుండెను.

నల్లసీసా డచ్చివారిది కాదని విని అతని ముఖము మాడిపోయినది. "మీరే గదా సందేహము లేదంటిరి?" అనెను. "అంటిమి, చూడక అంటిమి." "నూరేండ్ల ప్రాతదని వ్రాయవచ్చునా?" "కావచ్చునని వ్రాయవచ్చును." "కావచ్చునన్న మాటకు 40,000 ఎవరిత్తురు వదినా? డచ్చివారు అను నొక్కమాట వ్రాసినచో మీకేమి పోవును? కొనువాడు ధనవంతుడు, అలమారలో పెట్టుకొనును. నాకు ఆరునెలల వడ్డీ తీరును" అనెను.

అది న్యాయము కాదని మేము వెంటనే యనలేకపోయితిమి. అతని యప్పు మేమెరుగుదుము. ప్రాణము పణముగా పెట్టి నీటిలో దిగునది అతడు, నీడను కూర్చుండి తీర్పు చెప్పునది మేము. అప్పుడు మాకు ఆప్తుడను పదము గుర్తునకు వచ్చినది. లోకమున ఆప్తుడనగా చుట్టము, మనమేలు కోరువాడు. తర్కమున ఆప్తుడనగా ఉన్నది ఉన్నట్లు చెప్పువాడు. అట్టివాని మాటయే ప్రమాణము. పదమొకటియే, అర్థములు రెండు. ఆనాడు మా మరిదికి మేము ఏ యర్థమున ఆప్తులము కావలెను? "నాయనా, నా మాట కింత విలువ యున్నదని నీవు వచ్చితివి. అబద్ధము వ్రాసితినా, రేపు నీవు నిజముగా డచ్చి సీసా తెచ్చిననాడు నా మాట నెవరు నమ్ముదురు? నీ మాట నెవరు నమ్ముదురు?" అంటిమి.

మావారు నెమ్మదిగా, "నూరేండ్లు నిండిన ప్రాతవస్తువులకు 1972 నాటి చట్టమున్నదిరా. వానిని అమ్ము వ్యాపారమునకు అనుమతిపత్రము వలయును. దేశము దాటించుట కూడదు. ఆ వర్తకునివద్ద అనుమతి యున్నదా?" అని యడిగిరి. "తెలియదు" అని మరిది లేచెను. అన్నము వడ్డించితిమి. ఆకలి లేదని చెప్పి, ఖాళీసంచి భుజమున వేసికొని వెడలిపోయెను. ఆ సాయంకాలమంతయు మా యత్తగారు గుమ్మమునే చూచుచు కూర్చుండిరి. మనసు చెడినవాడు మరునాడు నీట దిగునేమోయని మా కందరకును ఒకటే భయము. రాత్రి తొమ్మిది గంటలకు "ఇల్లు చేరితిని" అను రెండు మాటలు ఫోనున వచ్చినవి.

ఇది జరిగి కొన్ని నెలలైనది. అతని యప్పు ఇంకను తీరలేదు. మావారి జీతమునుండి నెలకు 5,000 రూపాయలు అందులకు పంపుచున్నాము. సీసాల ఫోటోలను, అవి దొరికిన తావును వివరించుచు పురావస్తుశాఖవారికి లేఖ వ్రాసితిమి. మిగిలిన మూడు సీసాలను నీటిలోనే యుంచి, ఆ యుప్పునీటిలో మంచినీటిని కొద్దికొద్దిగా కలుపుచు, వారముల తరబడి ఉప్పు వదలించితిమి.

సోదరీమణులలో పలువురి యిండ్ల అటకలపై అమ్మమ్మల నాటి సీసాలుండును. మా అమ్మమ్మగారి యింట ఆముదము పోసి యుంచుకొనెడి చదరపు సీసా యొకటి యుండెడిది. అది యే దొర త్రాగి పారవైచినదో, ఎన్ని చేతులు మారి వంటయింటికి వచ్చినదో ఎవరెరుగుదురు? ఒక సీసా ఎప్పుడు తయారైనదో తెలిసినను, ఎప్పుడు పారవేయబడినదో తెలిసినట్లు కాదు. మనయిండ్లలో మంచి సీసాను పారవేయువారెవరు? అట్టివి కనబడినచో తోముటకు ముందు అడుగు తడిమి చూడుడు, అతుకుగీత ఎంతవరకు పోయినదో చూడుడు, వెలుతురునకు పట్టి రంగు చూడుడు, అక్షరములున్నచో మొట్టమొదట ఫోటో తీసికొనుడు. నీటినుండి వచ్చినదానిని నీటిలోనే యుంచుడు. చింతపండు జోలికి పోకుడు.

మొన్న మాఘమాసమున ఒకనాటి యుదయము మరిది ఫోను చేసెను. నడుమ రెండు నెలలు అతడు మాతో ముక్తసరిగానే మాటాడుచుండెను. ఆనాటి గొంతులో మాత్రము పాత చనవు వినబడినది. "వదినా, నేడు ఇసుకలో నొక సీసా మెడ చూచితిని. చేయిపెట్టి అడుగు తడిమితిని. మీరు చెప్పిన మచ్చ యున్నది. ఫోటో తీసితిని, లోతు వ్రాసికొంటిని, ప్రక్కన నేమేమి యున్నవో అదియు వ్రాసికొంటిని. దానిని అక్కడనే యుంచి మెల్లగా పైకి వచ్చితిని" అనెను. తరువాత కొంచెమాగి, "ఇప్పుడు చెప్పుడు. అది ఎవరిది? డచ్చివారిదా?" అని యడిగెను.

"1860 ప్రాంతమునకు ముందుదై యుండవచ్చును" అంటిమి. "ఎవరిదో తెలియదు."

అతడు బిగ్గరగా నవ్వెను. "మీ నోట ఆ మాట వినుట ఇదియే మొదలు వదినా" అనెను. నిజమే. మాకును ఆ మాట నోటికి క్రొత్తగానే తోచినది.